గడ్డి మోసే రోజు, వరద రోజు

డాలస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు ఈ వారం ఫోన్ చేసి, "మావయ్యా, సెకండ్‌హ్యాండ్‌లో సెస్నా కొంటున్నా" అన్నాడు. విమానమట! అక్కకి ఇంకా చెప్పలేదు. హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పోయిన 2002 మార్చి 3 నుంచీ, గాల్లో తిరిగే చిన్న బండి ఏదీ ఎక్కకూడదన్నది మా ఇంట్లో శాసనం.

నా చిరాకు వేరు. పైలట్ లైసెన్సు ఉంది, సరే. వాడు ఎగిరేది ఆదివారం పూట, ఒంటరిగా, మహా అయితే భార్యతో. దానికి సెస్నా 172 చాలదట, 182 కావాలట. అవసరానికి మించి కొనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. వాడికీ అదే పాఠం చదివాను. 172 ఏం తక్కువ తిన్నది? 1956 నుంచి నలభై నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో మరే విమానమూ ఇన్ని రాలేదు. గంటకి ముప్ఫై లీటర్ల పెట్రోలుతో సరిపెట్టుకుంటుంది. 182 దానికి ఒకటిన్నర రెట్లు తాగుతుంది.

"కానీ మావయ్యా, నేను చూసిన 182 ఏళ్ళ తరబడి షెడ్డులోనే ఉంది. ఇంజను పెద్దగా తిరగనేలేదు" అని మురిసిపోయాడు. అక్కడ ఆగమన్నాను.

లంక పొలానికని మా నాన్న పాత పడవ బేరమాడిన రోజులు గుర్తొచ్చాయి. గట్టున బోర్లించిన పడవని ఆయన ముట్టుకునేవాడు కాదు. తడి లేక చెక్క ఎండిపోయి అతుకులు విచ్చుకుంటాయి. రోజూ గోదారి దాటుతూ తారు పూసి పూసి నల్లబడ్డ పడవే కొన్నాడు. విమానం ఇంజనుదీ అదే తీరు. తిరగకపోతే నూనె జారిపోయి సిలిండర్ గోడలకి తుప్పు పడుతుంది. అందుకే కంపెనీలు గంటల లెక్కతో పాటు 12 ఏళ్ళ గడువు కూడా పెడతాయి.

ఆ పడవ గురించి ఇంకో సంగతి ఉంది. అది మా అవసరానికి బాగా పెద్దది. "నాలుగు గడ్డిమోపులకి ఇంత పడవా?" అని రేవులో నవ్వారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కుల గోదారి వచ్చి లంకలు మునిగినప్పుడు, గేదెల్నీ మనుషుల్నీ గట్టుకి చేర్చింది ఆ పడవే. మిగతా ఏడాదంతా అది ఖాళీగా తిరిగిందని ఆ తర్వాత ఎవరూ అనలేదు.

ఫోన్ పెట్టేశాక లెక్క వేశాను. 1970ల నాటి 172 మోసేది ఇంచుమించు 390 కిలోలు. ట్యాంకులు నింపితే పెట్రోలే 110. నలుగురు పెద్దవాళ్ళు ఎక్కితే 320. సీట్లు నాలుగున్నా బరువు సరిపోదు. పెట్రోలు తగ్గించుకోవచ్చు, నిజమే. కానీ అక్కా బావా వాడి దగ్గరకి వెళ్ళేది వేసవిలో. టెక్సాస్‌లో నలభై డిగ్రీల ఎండకి గాలి పలచబడి రెక్కకీ ఇంజనుకీ సత్తువ తగ్గుతుంది. అక్క ఎక్కిన రోజే వాడికి వరద. 172కున్న 160 హార్స్‌పవర్‌కీ 182కున్న 230కీ తేడా తెలిసేది ఆ మధ్యాహ్నమే.

మళ్ళీ ఫోన్ చేసి, నా ఓటు 182కే అన్నాను. అయితే షెడ్డులో పడుకున్నది మాత్రం వద్దన్నాను. వారం వారం ఎగురుతున్నది వెతుక్కోమన్నాను. అమ్మేవాడి మెకానిక్‌తో కాదు, సొంత మెకానిక్‌తో లాగ్‌బుక్కులన్నీ చదివించి, సిలిండర్లలోకి బోరోస్కోప్ పెట్టి చూపించాకే అడ్వాన్సు ఇవ్వాలి. అందుకు ఒప్పుకోనివాడి దగ్గర ఎంత చవకైనా కొనకూడదు.