కావా నాటే చేతులు
న్యూజిలాండ్‌లో గొర్రెలు మేసే మెత్తని కొండవాలు పెద్దవానకి జారిపోతుంది. దాన్ని నిలబెట్టేవాళ్లంటే నాకెంతో గౌరవం. చలికాలంలో మూడు మీటర్ల పోప్లార్ చెట్టు కొమ్మల్ని, వేరూ ఆకూ లేనివాటిని, భుజాన వేసుకుని బురదలో ఎక్కుతారు. రెండడుగులకు పైగా లోతున దింపి, చుట్టూ మట్టి గట్టిగా కూరతారు. మట్టి వదులైతే కొమ్మ గాలికి ఊగి, కొత్తగా పుట్టే లేతవేరు తెగుతుంది. అందుకే నేల ఆరాక మళ్లీ వచ్చి, మడమతో తొక్కి బిగిస్తారు. ఆ రెండో రాకడే అసలు పనితనం! పశువులు బెరడు కొరక్కుండా ప్లాస్టిక్ తొడుగు సరేసరి.

1973లో అక్కడికి చేరిన తుప్పు తెగులు పాత పోప్లార్లను దెబ్బతీసింది. అమెరికా, చైనా జాతుల సంకరమైన ‘కావా’ రకం దాన్ని బాగా తట్టుకుంటుంది. ఎడంగా నాటినా వేళ్లు ఒకదానితో ఒకటి అల్లుకుని వాలును పట్టేస్తాయి, చెట్ల మధ్య గొర్రెలకు మేతా దక్కుతుంది.