లిఫ్టు మీద సుద్దగీత

కాలువలకు నీళ్లొదిలి దమ్ములు ఊపందుకున్నాయంటే ఆత్రేయపురం చుట్టుపక్కల ఏ ట్రాక్టరుకూ విశ్రాంతి ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఓ పాత బండి రోటవేటరుతో సహా షెడ్డుకొచ్చింది. "పొద్దున్న బాగానే ఎత్తుద్దండీ, బండి కాగాక ఎత్తదు" అన్నాడు డ్రైవరు. మెకానిక్ పానా ముట్టుకోలేదు. రోటవేటరును పైకెత్తించి, ఇంజను ఆపించి, లిఫ్టు చేయి ఆగినచోట సుద్దముక్కతో గీత గీశాడు. మేం టీ తాగొచ్చేసరికి చేయి గీతకి నాలుగు వేళ్లు కిందకి దిగిపోయింది.

"ఆయ్, పంపు కాదండీ ఇది" అన్నాడు.

మూత విప్పకుండా అంత ధీమాగా ఎలా చెప్పాడో తెలియాలంటే లోపల ఆయిలు నడిచే దారి తెలియాలి. ఇది ఫెర్గుసన్ పద్ధతి లిఫ్టు. ఐర్లండులో రైతు ఇంట పుట్టిన హ్యారీ ఫెర్గుసన్ దీన్ని 1946 నాటి టీఈ-20 ట్రాక్టరుతో ఊరూరికీ చేర్చాడు. మన దేశంలో మాస్సీ ఫెర్గుసన్ బళ్లు కట్టడానికి 1960లో మద్రాసులో టాఫే కంపెనీ పుట్టింది. పంపు బయటెక్కడా కనపడదు. గేర్ల వెనక, బండి కడుపులో, ఆయిల్లోనే మునిగి ఉంటుంది. రోటవేటరు లాంటివాటిని తిప్పే పీటీవో షాఫ్టుతో పాటు తిరిగే క్యాములు నాలుగు చిన్న పిస్టన్లను అటూ ఇటూ ఆడిస్తాయి. అవి తోసిన ఆయిలు నిలువు గొట్టంలోంచి సీటు కిందున్న సిలిండరులోకి ఎక్కుతుంది. అక్కడి పెద్ద పిస్టను అడ్డ షాఫ్టును తిప్పితే రెండు చేతులూ లేస్తాయి.

నాకు ముచ్చటేసేది వాల్వు పెట్టిన చోటు. చాలా ట్రాక్టర్లలో పంపు ఊరికే తోడుతూనే ఉంటుంది, అక్కర్లేని ఆయిలు తిరిగి తొట్లోకి పోతుంది. ఫెర్గుసన్ వాల్వును పంపు పీల్చుకునే వైపే పెట్టాడు. చేలు నిండాక నీళ్లు మురుగుకి వదిలెయ్యడం కాదిది, పైన కాలువ మీద లొల్ల లాకుల దగ్గరే తలుపు దించెయ్యడం. పైగా నాగలి గట్టి నేలకి తగిలితే దాన్ని పైనుంచి బండికి కలిపే టాప్ లింకు ముందుకు నొక్కుతుంది, దాని స్ప్రింగు నలిగి అదే వాల్వును కదిపి నాగలిని కాస్త లేపుతుంది. డ్రైవరు చెయ్యి వెయ్యక్కర్లేదు.

ఇప్పుడు సుద్దగీత దగ్గరికి వద్దాం. పంపు నీరసించి ఉంటే రోటవేటరు నిదానంగా లేస్తుంది, కానీ లేచింది లేచినట్టే నిలబడాలి. పంపులోంచి బయటికి వెళ్లే దారిలో ఉన్న చిన్న వాల్వులు ఆయిలును వెనక్కి రానివ్వవు. నాలుగింటిలో ఒక గది చెడితే గుటుక్కు గుటుక్కుమంటూ లేస్తుంది. ఇక్కడ రెండూ కావు. ఇంజను ఆగాక దిగిందంటే పంపు దాటాకే ఎక్కడో కారుతోంది. కాగిన ఆయిలు పలచబడుతుంది కనక, పొద్దున్న బిగువుగా ఉన్న సందు మధ్యాహ్నానికి దారి ఇచ్చేస్తుంది.

పుల్ల తీసి ఆయిలు చూశాడు. పాలెక్కువైన టీ రంగు, అంటే నీళ్లు కలిశాయి. దమ్ములో మునిగే బళ్లకి ఇది మామూలే. గేర్లకీ లిఫ్టుకీ ఒకటే ఆయిలు కాబట్టి ఎక్కణ్ణుంచి చెమ్మ దూరినా అంతటా పాకుతుంది. కొంత ఆయిలు దించి, పక్కపలక విప్పి, చేతులు దూరంగా పెట్టుకుని, ఇంజను వేయించి లోపలికి టార్చి కొట్టాడు. చూడాల్సినవి మూడు చోట్లు. రిలీఫ్ వాల్వు ముందే తెరుచుకుంటోందా, సిలిండరు నోట్లోంచి రింగులు దాటి వస్తోందా, గొట్టం మొదట్లో చిమ్ముతోందా. లివరు ఎత్తగానే గొట్టం పాదం దగ్గర ఆయిలు విసనకర్రలా విచ్చుకుంది.

చాలామంది ముందు రిలీఫ్ వాల్వునే బిగిస్తారు. అది తప్పు. అది లిఫ్టును కాపాడే వాల్వు, బిగిస్తే ఒత్తిడి ఇంకేదో పగలగొడుతుంది.

గొట్టం పైకి లాగితే పాత ఓరింగు ఒకవైపు చదునై, రబ్బరు అట్టగట్టి ఉంది. అది వదిలేసి ముందు గాడిలో గోరు పెట్టి చుట్టూ తిప్పాడు. ఒకచోట గోరు తట్టుకుంది. అక్కడున్న సన్నని ఇనప మొలకను ఎమరీ కాయితంతో నున్నగా చేశాకే కొత్త ఓరింగుకు ఆయిలు రాసి, మెలిక పడకుండా కూర్చోబెట్టాడు. జల్లెడ కడిగి, కొత్త ఆయిలు పోసి, బండిని బాగా కాగేదాకా నడిపి, రోటవేటరు ఎత్తించి ఇంజను ఆపాడు.

మళ్లీ సుద్దగీత. ఈసారి టీ రెండు సార్లు తాగాం. చేయి గీత దగ్గరే ఉంది.