రాహుకాలంలో రిలీజ్

ఈ వారం తిరుపతిలో ఒక చిన్న టీమ్ పని చూసి సంతోషమేసింది. నలుగురు పిల్లలు, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో మేడమీద ఒక గది. లాడ్జీలకు రూమ్ బుకింగ్ సైట్లు చేసిపెడతారు. అద్దెల పేజీలో ఏదో తప్పు దిద్ది, కోడ్‌ను గిట్‌హబ్‌కు పుష్ చేసి, టీకి పోదాం రమ్మన్నారు. మేం కిందికి దిగి తాగి వచ్చేసరికి టెస్టులు నడిచాయి, బిల్డ్ అయింది, సర్వర్‌లో కొత్త వెర్షన్ కూర్చుంది. ఎవరూ లాగిన్ కాలేదు. ‘‘చెయ్యే తగలదు సార్’’ అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

పెన్‌డ్రైవ్ మీదా ఫైల్‌జిల్లా మీదా నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు. మళ్ళీ మొదలెట్టాడనుకున్నా సరే, చెప్పే తీరతాను.

కొన్నేళ్ళ కిందట చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాకు తెలిసినవాళ్ళు తూకం సాఫ్ట్‌వేర్ పెట్టారు. జూన్, జూలైలో తోతాపురి ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు దాకా బారులు తీరి ఉంటాయి. బండి లోడుతో ఒకసారి కాటా ఎక్కాలి, కాయ దించాక ఖాళీగా ఇంకోసారి ఎక్కాలి. తేడాలోంచి తరుగు పోను మిగిలింది చీటీ మీద అచ్చవుతుంది. రైతు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకుంటాడు. డబ్బు చేతికొచ్చేదాకా ఆ పంటకు అదొక్కటే ఆధారం.

సీజన్ మధ్యలో రేటు మారింది. రేటును కోడ్‌లో ఎందుకు రాశారని అడగకండి, అప్పట్లో అట్లాగే రాసేవాళ్ళు. కొత్త వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక కుర్రాడు సాయంత్రం కాటా కాటాకూ తిరిగాడు. చివరి కాటా దగ్గర బండి నిలబడి ఉంది, ఆపరేటర్ ‘‘కాసేపు ఆగు’’ అన్నాడు, ఇంతలో కరెంటు పోయింది. ఆ ఒక్క కంప్యూటర్ రాత్రంతా పాత రేటుతోనే చీటీలు కొట్టింది. తెల్లారి టీకొట్టు దగ్గర ఇద్దరు రైతులు చీటీలు పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఒకే తోట కాయ, ఒకే రాత్రి, రెండు రేట్లు. ‘‘ఏంది సామీ ఇది, మిషన్ గూడా మనిషిని జూసి రేటేస్తాదా?’’ అన్నాడు ఒకాయన. లెక్కలు సరిచేయడానికి వారం పట్టింది. ఆయన మాట మాత్రం ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

చిన్న ఊళ్ళలోనే ఇట్లా జరుగుతుందనుకునేరు. 2012 ఆగస్టు 1న అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్‌లోనూ ఇదే జరిగింది. కొత్త కోడ్‌ను 8 సర్వర్లలో పెట్టాలి. చేత్తో పెట్టారు, ఒక సర్వర్ మిగిలిపోయింది. అందులో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న పాత కోడ్ లేచి ఆర్డర్లు వేయడం మొదలుపెట్టింది. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. మరుసటి ఏడాది ఆ సంస్థ గెట్‌కోలో కలిసిపోయింది.

కాబట్టి ఫైళ్ళు మోసే పని మనిషికి వద్దు. ఒకప్పుడు దీనికోసం జెంకిన్స్ లాంటివాటికి విడిగా ఒక సర్వర్ పెట్టి సాకాల్సి వచ్చేది. గిట్‌హబ్ యాక్షన్స్ 2019 నవంబర్‌లో అందరికీ వచ్చాక చిన్న టీమ్‌కు ఆ బాధ తప్పింది. ప్రైవేటు రిపోజిటరీకైనా ఉచిత ఖాతాలో నెలకు 2,000 నిమిషాలు ఇస్తారు, నలుగురికి బోలెడు. ఒక్క సర్వర్ మీద నడిచే లాడ్జీ సైటుకు కుబర్నెటిస్ ఎందుకో నాకు ఈ జన్మలో అర్థం కాదు. ప్రతి వెర్షన్‌నూ సర్వర్‌లో దాని కమిట్ నంబరు పేరుతో వేరే ఫోల్డర్‌లో పెట్టండి. ‘కరెంట్’ అనే సిమ్‌లింక్‌ను కొత్త ఫోల్డర్ వైపు తిప్పి, సర్వీస్ రీస్టార్ట్ చేయండి. పేజీ తెరుచుకోకపోతే లింకును స్క్రిప్టే మళ్ళీ పాత ఫోల్డర్‌కు తిప్పాలి. డిప్లాయ్ కీని రూట్ యూజర్‌కు ఇవ్వకండి. బయటివాళ్ళు రాసిన యాక్షన్‌ను ట్యాగ్ పేరుతో కాకుండా కమిట్ హ్యాష్‌తో పిలవండి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ళ యాక్షన్‌లోకి ఎవరో చొరబడి ట్యాగులన్నీ మార్చేస్తే, దాన్ని వాడే 23,000కు పైగా రిపోజిటరీల రహస్యాలు లాగుల్లో బయటపడే పరిస్థితి వచ్చింది.

ఇదంతా ఆ పిల్లలు చేశారు. మెయిన్ బ్రాంచ్‌లో పడ్డ ప్రతి మార్పూ, ఏ వేళైనా సరే, నేరుగా లైవ్‌కు పోతుంది. శభాష్ అనబోతుంటే వాళ్ళ లాడ్జీ ఓనర్ ఒకాయన ఫోన్ చేశాడు. ‘‘నాయనా, మంగళారం కొత్తది పెట్టొద్దండి. శుక్రారమైతే రాహుకాలం పోనీండి.’’ ఫోన్ పెట్టేశాక గదంతా నవ్వు. నేనూ నవ్వాను.

బస్సెక్కాక ఆలోచన మొదలైంది. ఆయన కారణం నాకు పట్టదు గానీ, ‘ఈ వేళ వద్దు’ అనేవాడు ఒకడుండటం పట్టింది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను టీటీడీ నెలకోసారి, మూడు నెలల ముందుగా, ఉదయం పది గంటలకు ఆన్‌లైన్‌లో వదులుతుంది. టికెట్ దొరికినవాడు ఆ వెంటనే గది వెతుక్కుంటాడు. పదింపావుకు బుకింగ్ పేజీ మార్చమని ఏ ముహూర్తమూ చెప్పదు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. 2009లోనే ఫ్లికర్ వాళ్ళు రోజుకు పదికి పైగా డిప్లాయ్‌లు చేస్తున్నామని జాన్ ఆల్‌స్పా, పాల్ హమండ్ చెప్పారు. నిజమే. అక్కడ ప్రతి డిప్లాయ్‌నూ గ్రాఫులు పెట్టుకుని కాచే మనుషులున్నారు. ఇక్కడ రాత్రి తొమ్మిదికి గదికి తాళం పడుతుంది.

అందుకే ఇన్నాళ్ళ నా పాట కొంచెం మారుస్తున్నాను. టెస్టులు, బిల్డ్, మోత, లింకు తిప్పడం అన్నీ యంత్రానికే వదిలేయండి. లైవ్‌కు పంపే మీట మాత్రం మనిషి నొక్కాలి. యాక్షన్స్‌లో వర్క్‌ఫ్లో డిస్పాచ్ అని రాస్తే ఆ మీట వస్తుంది. ఎప్పుడు నొక్కాలో ఊరి క్యాలెండర్ తెలిసినవాడే చెప్పాలి.

చిన్న టీమ్‌లు నడిపేవాళ్ళకు ఒక మనవి. ఈ వారం రద్దీ లేని వేళ చూసుకుని, కావాలనే పాత వెర్షన్‌కు ఒకసారి వెనక్కి వెళ్ళి రండి. కోడ్ వెనక్కి వస్తుంది గానీ డేటాబేస్‌లో తీసేసిన కాలమ్ రాదు. అది ముందే చూసుకోండి.