ఐత్‌మాతోవ్ ‘తొలి ఉపాధ్యాయుడు’: సోవియట్ పతనానంతర పునఃపఠనం

వ్యాససంగ్రహం: కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్‌మాతోవ్ రచించిన ‘తొలి ఉపాధ్యాయుడు’ను అక్షరవిజయగాథగా చదవడం పరిపాటి. తనకు పునాది వేసిన మనుషులను వ్యవస్థే మరచిపోవడమనే లోపాన్ని ఈ రచన 1962 నాటికే గుర్తించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సోవియట్ సాహిత్యం, అనువాదం, ఐత్‌మాతోవ్, సంస్కరణ, స్మృతి, ఇల్లందు ప్రాంతం.

1. ఉపోద్ఘాతం

1985 మార్చిలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన గోర్బచోవ్, పెరిస్త్రోయికా అనే పునర్నిర్మాణాన్నీ, గ్లాస్‌నోస్త్ అనే బహిరంగతనూ చేపట్టారు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయింది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల నుండి విశాలాంధ్ర ద్వారా తెలుగు పాఠకులకు అందుతూ వచ్చిన చౌక పుస్తకాల ప్రవాహమూ ఆ కాలంలోనే ఆగిపోయింది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలు మాత్రం మిగిలాయి. వాటిపట్ల నేడు రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి వాటిని బాల్యస్మృతిగా ఆరాధిస్తుంది. రెండవది ప్రచారసాహిత్యమని తోసిపుచ్చుతుంది. ఈ రెండింటిలోనూ పాఠ్యపరిశీలన లోపించింది.

2. కూలిన ప్రభుత్వం, నిలిచిన ఉద్యమం

ఈ పునఃపఠనానికి టేకులపల్లి ప్రాంతం ప్రత్యేకమైన దృక్కోణాన్ని ఇస్తుంది. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. అదే నెలలో జరిగిన శాసనసభ ఎన్నికలలో ఇల్లందు నియోజకవర్గం విప్లవ కమ్యూనిస్టు నాయకుడు గుమ్మడి నరసయ్యను గెలిపించింది. టేకులపల్లి మండలం నేడు ఆ నియోజకవర్గంలోనిదే. ఇక్కడి కోయలకూ లంబాడీలకూ కమ్యూనిజం ఏనాడూ ఒక ప్రభుత్వం పేరు కాదు. పోడు భూమిపై హక్కు, తునికాకు కట్టకు న్యాయమైన రేటు, అటవీ సిబ్బంది ముందు తలవంచని ధైర్యం, ఇవే దాని అర్థాలు. అందుచేత ప్రభుత్వ పతనాన్నీ ఆశయ పతనాన్నీ ఒకటిగా చూసే విమర్శ ఇక్కడి అనుభవానికి సరిపోదు. అయితే ఆశయం నిలిచినంతమాత్రాన ప్రభుత్వం ఎందుకు కూలిందన్న ప్రశ్న తప్పిపోదు. దానికి ఒక సమాధానం ఈ చిన్న కథలోనే ఉంది.

3. విందు బయటి గురువు

1924లో దూయ్‌షేన్ అనే యువకుడు ఒక కిర్గిజ్ పల్లెకు వచ్చి పాత గుర్రపుశాలను బడిగా మారుస్తాడు. అతనికే చదువు అంతంతమాత్రం. చలికాలంలో పిల్లలను భుజాన మోసి వాగు దాటిస్తాడు. రెండవ భార్యగా అమ్ముడుపోయిన ఆల్తినాయ్ అనే అనాథ బాలికను విడిపించి పట్నానికి చదువుకు పంపుతాడు. ఆమె గొప్ప విద్యావేత్త అవుతుంది. సాధారణ పఠనం ఇక్కడే ఆగుతుంది.

కానీ కథ అక్కడ ఆగదు. ఏళ్ల తరువాత కొత్త పాఠశాల ప్రారంభోత్సవానికి ఆల్తినాయ్ ముఖ్య అతిథిగా వస్తుంది. విందులో పెద్దలు దూయ్‌షేన్ పాతకాలపు పాఠాలను తలచుకొని నవ్వుకుంటారు. ఆ సమయానికే వృద్ధుడైన దూయ్‌షేన్, తపాలా బంట్రోతుగా, అభినందన తంతులను గుర్రంపై తెచ్చి ఇచ్చి వెళ్లిపోతాడు. పిలిచినా లోనికి రాడు; ఇంకా ఉత్తరాలు పంచాలి. “ఆయన లోపలికి ఎందుకు రాలేదు?” అని, ఇంట్లో తొలితరం చదువరి అయిన విద్యార్థిని ఒకరు తరగతిలో అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. వ్యవస్థ అతన్ని శిక్షించలేదు. సేవకునిగా వాడుకొని, గౌరవాన్ని ఇతరులకు పంచింది. సిగ్గుపడింది ఆల్తినాయ్ ఒక్కతే. ఈ కథ ఉన్న సంపుటికి ప్రభుత్వం 1963లో లెనిన్ బహుమతి ఇచ్చింది. బహుమతి ఇచ్చిన వ్యవస్థ తనపై వచ్చిన అభియోగాన్ని గుర్తించినట్లు లేదు.

4. రెండవ ఉపాధ్యాయుడు

ఐత్‌మాతోవ్ 1980 నాటి నవలలో మరొక ఉపాధ్యాయుడు ఉన్నాడు. అబూతాలిప్ యుద్ధఖైదీగా చిక్కి, తప్పించుకొని యుగోస్లావియా గెరిల్లాలతో కలిసి పోరాడినవాడు. ఎడారి రైల్వేస్టేషన్‌లో బతుకుతూ పిల్లల కోసం తన జ్ఞాపకాలు రాసుకోవడమే అతని నేరమవుతుంది. స్టాలిన్ పాలన చివరిదశలో అరెస్టయి, నిర్బంధంలోనే మరణిస్తాడు. జ్ఞాపకశక్తిని పోగొట్టి బానిసగా మార్చిన ‘మాన్కుర్ట్’ గాథ ఈ నవలకు కేంద్రం. రచయిత తండ్రి టొరెకుల్ స్వయంగా కమ్యూనిస్టు నాయకుడు. 1938లో ఆయనను కాల్చిచంపారు. 1980లో వెలుగు చూడని ఈ నవల భాగం ఒకటి 1990లో, బహిరంగత కాలంలోనే అచ్చయింది.

దూయ్‌షేన్‌ను మరచిన వ్యవస్థే అబూతాలిప్ జ్ఞాపకాన్ని నేరంగా పరిగణించింది. మరపు మొదటి మెట్టు, నిషేధం రెండవది. సంస్కరణ వచ్చేసరికి, చెప్పవలసిన నిజాలు ఒక్కసారిగా బయటపడి వ్యవస్థపై విశ్వాసాన్ని కదిలించాయి. పతనానికి ఆర్థిక, జాతుల సమస్యలూ కారణాలే. సాహిత్యం చూపగలిగిన కారణం మాత్రం ఇది.

5. ముగింపు

‘తొలి ఉపాధ్యాయుడు’ ప్రచారసాహిత్యమూ కాదు, తీపి జ్ఞాపకమూ కాదు. ఆశయాన్ని ప్రేమించినవాడు పాలనకు చేసిన హెచ్చరిక. ఆ హెచ్చరిక ప్రభుత్వాలకే పరిమితం కాదు. 1964 చీలికనూ, ఆ తరువాతి చీలికలనూ చూసిన మన ప్రాంతపు ఉద్యమాలు తమ గూడేలలోని దూయ్‌షేన్‌లను ఎంతగా నమోదు చేశాయి? నాయకుల ఆత్మకథలు మనకున్నాయి. రాత్రిబడి నడిపినవారి, కబురు మోసినవారి చరిత్రలు రాయవలసి ఉంది. అవి రాసే నాటికి వారు జీవించి ఉండాలి.