వెంకటేశం ఇంగ్లీషు, అరకేర పిల్లవాడి తెలుగు

కన్యాశుల్కాన్ని సాంఘిక దురాచార ఖండనగా చదవడం మనకు అలవాటు. భాషాబోధనను గురించిన నాటకంగా కూడా దానిని చదవవచ్చు. తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగు చదువుకొనే విద్యార్థులకు ఈ రెండో పఠనమే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

రాయచూరు జిల్లాలోని అరకేరను తీసుకుందాం. ఈ సీమ 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉండి, 1956లో మైసూరు రాష్ట్రంలో చేరింది. ఇటువంటి చోట తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఉర్దూ చెవిన పడతాయి. ఆపైన ఇంగ్లీషు. ఈ నాలుగోది రావాలంటే మొదటిదానిని వదులుకోవాలన్న భావన తల్లిదండ్రులలో బలపడుతున్నది. ఆ భావనను పరీక్షించడానికి కన్యాశుల్కం రెండో అంకం చాలు.

పరీక్ష తప్పిన వెంకటేశం గిరీశాన్ని వెంటబెట్టుకొని ఇంటికి వస్తాడు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ పాఠ్యపుస్తకాలలోని పొంతనలేని ముక్కలను ఒకరికొకరు అప్పజెబుతారు. ఆ తల్లి పొంగిపోతుంది. ఇంతవరకే అయితే అది ఇంగ్లీషు చదువుపై ఎగతాళిగా మిగిలేది. కాని గురజాడ అక్కడ ఆగలేదు. కరటకశాస్త్రి తెలుగు పద్యం చదవమంటాడు. కుర్రవాడు చదువుతాడు; అర్థం అడిగితే తెల్లమొహం వేస్తాడు. వెంకటేశం తెలుగు ఇచ్చి ఇంగ్లీషు కొనుక్కోలేదు. రెండింటినీ ఒకే పద్ధతిలో, అర్థం లేకుండా నేర్చుకున్నాడు. అందుకే రెండూ అతనివి కాలేదు. లోపం భాషలో లేదు, బోధనలో ఉందన్నది ఈ దృశ్యంలోని అసలు విమర్శ.

గురజాడ ఇంగ్లీషుకు విరోధి కాదనడానికి ఆయన రచనలే సాక్ష్యం. 1897లో అచ్చయిన ఈ తెలుగు నాటకానికి ఆయన పీఠిక రాసింది ఇంగ్లీషులో. వ్యావహారిక భాషను సమర్థిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం కూడా ఇంగ్లీషులోనే ఉంది. ఇంటిభాష పక్షాన వాదించడానికి పరభాష ఆయనకు పనిముట్టయింది.

అయితే ఈ నాటకానికి ఒక పరిమితి ఉంది. బడి భాష ఇంటి భాష కానే కాని పిల్లవాడు ఇందులో లేడు. అరకేర పిల్లవాడి స్థితి అదే. ఇక్కడ గురజాడను గిడుగు రామమూర్తితో పూరించి చదువుకోవాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు సవర భాషను నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాడు. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో వెలువడింది. బడిలో తెలుగు పెద్దభాషగా ఉన్నచోట ఆయన చిన్నభాష పక్షం వహించాడు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, తెలుగే అక్కడ చిన్నభాష అయింది. మన భాషకు మనం కోరే న్యాయాన్ని లంబాడీ వంటి ఇతర భాషలకూ కోరాలన్న పాఠం ఇందులో ఉంది.

ఈ వాదానికి బలమైన అభ్యంతరం లేకపోలేదు. పైవర్గాలవారు తమ పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపుతూ, దళిత బహుజనులకు మాత్రం మాతృభాషను బోధిస్తున్నారని కంచ ఐలయ్య వంటివారు ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనది. ఇంగ్లీషును ఎవరికీ నిరాకరించకూడదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం భాషాల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమంటుంది. కర్ణాటక ప్రభుత్వం మాతృభాషా మాధ్యమాన్ని నిర్బంధంగా విధించడం చెల్లదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒకటి వసతిని కోరుతుంది, మరొకటి నిర్బంధాన్ని కాదంటుంది. వీటి మధ్య వైరుధ్యం లేదు.

కాబట్టి అడగవలసింది ఏ మాధ్యమం అని మాత్రమే కాదు. పిల్లవాడికి తెలిసిన మాట ఆసరాగా తెలియని మాటను అందించే ఉపాధ్యాయుడు ఉన్నాడా అని కూడా అడగాలి. అటువంటి గురువు దొరికితే అరకేర పిల్లవాడికి నాలుగు భాషలూ బరువు కావు. దొరకకపోతే ఎన్ని భాషలు నేర్పినా వెంకటేశాలే తయారవుతారు. తెలుగు చదివి రేపు బడులలో బోధించబోయే విద్యార్థులు ఈ దృశ్యాన్ని నవ్వుకోవడానికే కాక, తమను తాము ప్రశ్నించుకోవడానికి కూడా మరొకసారి చదవాలి.