ప్లగ్గు రంగు ఒక్కటే చాలదు

పాత బుల్లెట్ లాగడం లేదంటే మెకానిక్ ముందు ప్లగ్గు విప్పుతాడు. పింగాణీ తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ, ఇటుక రంగు ఉంటే అంతా సవ్యం అని తేల్చేస్తాడు. కార్బురేటర్ వరకూ ఈ లెక్క సరే. స్పార్క్ పడే టైమింగ్‌ను కూడా ఆ రంగులోంచే చెప్పబోతేనే చిక్కు. నా లెక్కలో టైమింగ్ జాడ వెతకాల్సింది పింగాణీ కొస మీదికి వంగి ఉండే లోహపు పట్టీ మీద.

మంట అంటుకుని పెరగడానికి కొంత వ్యవధి కావాలి గనక పిస్టన్ పైకి పూర్తిగా చేరకముందే స్పార్క్ పడాలి. మరీ ముందు పడితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట రాజుకుని సిలిండర్‌లో ఒత్తిడీ వేడీ హద్దు మీరతాయి. ఆ వేడికి పట్టీ మొదలు దాకా రంగు మారుతుంది. ఆలస్యమైతే వేడిలో చాలా భాగం సైలెన్సర్ దారి పడుతుంది, పట్టీ కొస మాత్రమే మారుతుంది. రంగు మారిన గీత వంపు దగ్గర ఆగితే టైమింగ్ దాదాపు కుదిరినట్టే. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలో, మెరిసే అల్యూమినియం రేణువులో కనిపిస్తే మాత్రం ఇక గీత చూసే పనిలేదు. నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) ముదిరి పిస్టన్ లోహమే రాలుతోందని అనుమానించి టైమింగ్ వెనక్కి తగ్గించాలి.

పెట్రోలులో సీసం పోయాక, ఇథనాల్ కలిశాక ప్లగ్గు రంగుల్ని నమ్మలేమంటారు. పింగాణీ విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. పట్టీ మీది గీత సంగతి వేరు, అది లోహానికి తగిలిన వేడి ముద్ర. టైమింగ్ లైటు ఉండగా ఈ తంటా ఎందుకంటారా? స్పార్క్ ఎన్ని డిగ్రీల దగ్గర పడుతోందో లైటు చెబుతుంది. ఈ ఇంజన్‌కు, ఈ పెట్రోలుకు అన్ని డిగ్రీలు తగునా అన్నది చెప్పదు. పట్టీ పొడవో లోహమో మారితే గీత కూడా జరుగుతుందన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అందుకే కంపెనీ చెప్పిన రకం కొత్త ప్లగ్గు బిగించి, ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు లాగించి, క్లచ్ పట్టి ఇంజన్ అక్కడికక్కడే ఆపేసి విప్పాలి. ట్రాఫిక్‌లో ఈడ్చుకొచ్చిన ప్లగ్గు ఐడిల్ కబుర్లే చెబుతుంది.

ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న కొత్త బండ్లలో టైమింగ్ తిప్పడం మెకానిక్ చేతిలో లేదు. అక్కడ ఈ విద్య రోగం కనిపెట్టడానికే పనికొస్తుంది. స్పార్క్‌ను కాంటాక్ట్ పాయింట్లు నడిపే పాత బండికి మాత్రం ఆ పాయింట్ల ప్లేటు కాస్త జరిపి మళ్లీ గీత చూడొచ్చు. ఒకసారికి ఒకటే మార్చాలి. కార్బురేటర్‌నూ టైమింగ్‌నూ కలిపి కదిపితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో ఎంత అనుభవమున్నవాడికైనా అంతుపట్టదు.