గురుమాయ్ పక్కన చోటు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతంలో, జగ్దల్‌పుర్‌లోని ప్రభుత్వ పీజీ కాలేజీ పేరు కాకతీయ. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలబెట్టాడని బస్తరు రాజవంశం చెప్పుకునేది. 2008లో ఊరికి విశ్వవిద్యాలయమూ వచ్చింది. ఇక్కడ ఇంగ్లిషు సాహిత్యం చదివే పిల్లల ఇళ్లలో హల్బీ, గోండీ, భత్రీ వినిపిస్తాయి. కుంట వైపు దోర్లీ అయితే మన చెవికి సగం చుట్టమే.

ఇంగ్లిషు ఎం.ఏ. అంటే మిల్టన్, వర్డ్స్‌వర్త్ తప్పరు. తప్పనక్కర్లేదు కూడా. నా పేచీ వేరు. మన దేశంలో చాలాచోట్ల సొంతంగా ఒక్క పేజీ కథ రాయకుండానే సాహిత్యంలో పట్టా పుచ్చుకోవచ్చు. సంగీతం ఎం.ఏ. చేసినవాడు పాడనంటే ఊరుకుంటామా?

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిషు సాహిత్యమే చదివాడు, ఫస్టు క్లాసులో. ఆ చదువును బస్తరులో కోర్టు కాగితాల మీద ఖర్చుపెట్టాడు. మారియా గిరిజనుల హత్యలు, ఆత్మహత్యల మీద 1943లో వచ్చిన ఆయన పుస్తకానికి ఆధారం నూరు హత్య కేసులు. తాగుడు, అనుమానం, చేతబడి భయం, ఇంట్లో పడ్డ చిన్న మాట. మనిషి ఎక్కడ తెగిపోతాడో వెతికాడు. నవలాకారుడి పని కూడా అదే.

రాయడం నేర్పే తరగతి ఎలా ఉండాలంటే మాత్రం ఎల్విన్‌ను కాదు, లక్ష్మీ జగార్ పాడే గురుమాయ్‌లను చూపిస్తాను. రోజుల తరబడి సాగే హల్బీ కథాగానం అది. వరి, మహాలక్ష్మి కథ. కుండ మీద చేట, చేట మీద విల్లు: వాద్యం ధన్‌కుల్. విల్లు కర్రకున్న గాట్ల మీద వెదురుబద్దతో గీస్తూ ఇద్దరు ఆడవాళ్లు పాడతారు. పెద్దావిడ ఎత్తుకుంటుంది, పక్కావిడ అందుకుంటుంది. అలా అందుకుంటూనే కథ ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ దాటేయాలో ఆమెకు పట్టుబడుతుంది. కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్ ఏళ్ల తరబడి ఈ పాటలను రికార్డు చేసి అచ్చులోకి తెచ్చారు.

ఎం.ఏ.లో ఒక పేపరు దీనికివ్వండి. ఒక సెమిస్టరు గురుమాయ్ పక్కన కూర్చోవాలి, ఆపైన సొంత కథ నలభై పేజీలు రాసివ్వాలి. ఇంగ్లిషులోనే రాయనీండి. దిద్దడానికి మాత్రం తానూ కథలు రాసే మాస్టారు కావాలి. ఆయన్ని వెతకడమే కష్టం.